ఆర్డర్ కాగితం ఉందా?

అందరికీ నమస్కారం. నేను టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. లాయర్ని కాదు, కంప్యూటర్ ఇంజనీర్ని అసలే కాదు, కాబట్టి మన ఫోన్ల మీద సర్కారు నిఘా గురించి ఇవాళ నేను చెప్పేదంతా స్తంభం మీద నుంచి కనపడిన సంగతే అనుకోండి.

1980ల్లో లైన్ పాడైందని కంప్లయింట్ వస్తే స్తంభమెక్కి, తీగెకి టెస్ట్ ఫోన్ తగిలించి డయల్ టోన్ వస్తోందా అని చూసేవాళ్లం. ఒక్కోసారి టోన్ బదులు మాటలు వినపడేవి. ఒకరోజు అలాగే మా ఊరి బట్టల కొట్టాయన కూతురి పెళ్లికి పదివేలు సర్దమని బావమరిదిని అడుగుతూ ఏడుస్తున్నాడు. వెంటనే తీసేశాను, మహా అయితే పది సెకన్లు విని ఉంటాను. దసరాకి పిల్లల బట్టలకని మళ్లీ ఆ కొట్టుకే వెళ్లాల్సి వచ్చింది. ఆయన ఎప్పట్లాగే నవ్వుతూ తానులు విప్పి చూపిస్తున్నాడు, నేనేమో ఆయన మొహంలోకి చూడలేక, మీటరు ఎంతంటే అంత ఇచ్చేసి వచ్చాను. బేరమాడటం ఎప్పుడు మర్చిపోయారని మా ఆవిడ తిట్టింది. ఆయన చేసిన తప్పేముంది చెప్పండి? అందుకే ఎవరైనా "తప్పు చేయనివాడికి భయమెందుకండీ" అంటే నాకు ఆ కొట్టే గుర్తొస్తుంది.

నాది పొరపాటు. సర్కారు కావాలనే వినాలంటే మాత్రం కాగితం ఉండాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఎప్పుడు వినొచ్చో చెప్పింది గానీ ఎలా వినాలో చెప్పలేదు. ఆ ఖాళీని 1996లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు పూరించింది: హోం సెక్రటరీ ఆర్డర్ ఉండాలి, దానికి గడువుండాలి, కమిటీ సమీక్షించాలి. 2007లో వచ్చిన రూల్స్ ప్రకారం ఒక ఆర్డర్ 60 రోజులు, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చినా పద్ధతి దాదాపు అదే. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆర్డరిచ్చేది అధికారి, సమీక్షించేదీ అధికారులే, ఆ కమిటీలో జడ్జి ఒక్కరు కూడా లేరు. పైగా మీ మాటలు విన్నారని మీకెప్పటికీ చెప్పరు. మా బట్టల కొట్టాయనకి తెలిసినంతే మీకూ తెలుస్తుంది.

పాత ప్రభుత్వ హయాంలో ఫోన్లు దొంగచాటుగా విన్నారని తెలంగాణలో నడుస్తున్న ఫోన్ ట్యాపింగ్ కేసు మీకు తెలిసిందే. 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు రాగానే పోలీసు నిఘా విభాగమైన ఎస్‌ఐబీ ఆఫీసులో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఆరోపణ మీద 2024 మార్చిలో ఒక డీఎస్పీని అరెస్టు చేశారు. నిజమేంటో కోర్టు తేలుస్తుంది, నేను తేల్చను. కానీ ఒకటి గమనించండి, ప్రభుత్వం మారకపోతే ఈ ఆరోపణైనా బయటికి వచ్చేదా?

అయినా వినడం పాత కథ. ఎవరితో ఎప్పుడు ఎంతసేపు మాట్లాడారో, అప్పుడు ఏ టవర్ కింద ఉన్నారో, ఇవన్నీ కంపెనీ దగ్గర కనీసం రెండేళ్లు ఉండాలి, 2021 డిసెంబరులో లైసెన్సు షరతు మార్చి మరీ పెంచారు, అంతకుముందు ఏడాదే ఉండేది. మీరు ఫోన్ చేయకపోయినా సరే, జేబులో ఆన్‌లో ఉంటే చాలు, అది ఏదో ఒక టవర్‌ని అంటిపెట్టుకునే ఉంటుంది. దొంగతనం జరిగితే ఆ టవర్ కింద ఉన్న ఫోన్ల చిట్టా మొత్తం తీస్తారు, టవర్ డంప్ అంటారు, దొంగలు దొరుకుతారు కూడా, కాదనను. అదే చిట్టా యూనియన్ మీటింగ్ జరిగిన సాయంత్రానిది తీస్తే? ఒక్క ముక్క వినకుండానే హాజరుపట్టీ చేతికొస్తుంది.

ఒక్కోసారి ఈ పాటి తతంగం కూడా ఉండదు. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్లని ఆపి, ఫోన్ లాక్ తీయించి, వాట్సాప్ చాట్‌లో 'గంజాయి' అని వెతకడం వీడియోల్లో అందరం చూశాం. పాత రోజుల్లో నా తీగె దగ్గరికి రావడానికైనా సంతకం కావాలి. ఇక్కడ ఏ సంతకమూ లేదు! వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది జడ్జీలు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పి అప్పటికి నాలుగేళ్లయింది.

ఇక సంచార్ సాథీ. పోయిన ఫోన్ బ్లాక్ చేయడానికి నిజంగా పనికొచ్చే సర్కారు యాప్ అది. 2025 నవంబరు 28న మాత్రం దాన్ని కొత్త ఫోన్లన్నిటిలో ముందే వేసి అమ్మాలని కంపెనీలకి ఆదేశం ఇచ్చారు. గోల మొదలైంది, డిసెంబరు 3న వెనక్కి తీసుకున్నారు. మంచి మందే కావచ్చు, నిద్రలో నోట్లో పోస్తానంటే ఎవరు ఊరుకుంటారు? మన వ్యక్తిగత సమాచారం కోసం తెచ్చిన 2023 డేటా చట్టం కాపాడుతుందిలే అనుకుంటారేమో, అందులో 17వ సెక్షన్ ఒకసారి చదవండి, ఏ సర్కారు సంస్థకి కావాలంటే ఆ సంస్థకి ఒక్క నోటిఫికేషన్‌తో మినహాయింపు ఇవ్వొచ్చు.

సరే, టీ వచ్చేలోపు ఒక పని చేద్దాం. అందరూ ఫోన్లు తీయండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, దాని కింద పర్మిషన్లు, అందులో మైక్రోఫోన్. దొరికిందా? నాకైతే మొన్న టార్చిలైట్ యాప్ కనపడింది అక్కడ. లైటు వెలగడానికి మైకెందుకో నాకర్థం కాలేదు, తీసేశాను, లైటు బాగానే వెలుగుతోంది. పెద్దమ్మగారూ, మీ ఫోన్ పక్కన అబ్బాయికిచ్చి చూపించమనండి, అన్‌లాక్ మాత్రం మీరే చేయండి.