గ్యాసు అయిపోయిందా, కారిపోయిందా?

రాజు: నమస్కారం. విజయనగరం నుంచి మళ్ళీ మేమిద్దరమే. ఈ వారం విషయం ఏసీ కంప్రెసర్. అది మొరాయించబోతోందని ముందే పసిగట్టడం ఎలా?

మాస్టారు: నిన్ననే మా ఏసీకి గ్యాసు నింపించాను. ఈ వేసవికి బెంగ లేదు.

రాజు: మళ్ళీనా? నిరుడూ నింపించారు కదా!

మాస్టారు: ఏటా నింపించాలి కదా, ఆవకాయలో నూనె పోసినట్టు.

రాజు: మండి అయిపోవడానికి అది వంటగ్యాసు కాదు మాస్టారూ. ఉన్న గ్యాసే తిరుగుతూ ఉంటుంది. గదిలోని వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది, కంప్రెసర్ దాన్ని నొక్కి బయటి కాయిలుకు, అంటే గొట్టాల చుట్టకు పంపుతుంది, అక్కడ వేడి వదిలి ద్రవమవుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారినట్టే.

మాస్టారు: నింపగానే చల్లబడింది మరి.

రాజు: చిల్లికుండ కూడా పోయగానే నిండుగానే ఉంటుంది. ఏసీకి అంటించిన ప్లేటు మీద రాసిన గ్రాముల ప్రకారం మెకానిక్కు తూచి పోశాడా?

మాస్టారు: ప్రెషరు గేజీ చూశాడు.

రాజు: జాయింట్లకు సబ్బు నురగ రాశాడా? కారే చోట బుడగలు వస్తాయి. గ్యాసుతోపాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది కాబట్టి అక్కడ జిడ్డు మరక కనిపిస్తుంది. పైగా లోపలి మోటారును చల్లబరిచేది తిరిగొచ్చే గ్యాసే. అది చాలకపోతే మోటారు కాగిపోతుంది.

మాస్టారు: పెంకుటింట్లో ఈ బాధలేవీ లేవు.

రాజు: వచ్చిందండీ పెంకుటిల్లు! ఉక్కపోతను పెంకులు ఆపుతాయా?

మాస్టారు: విసనకర్ర ఉండేది. అది కారేది కాదు.

రాజు: సరే, ఆయన్ను మళ్ళీ పిలిచి కారుతున్న చోటు వెతకమనండి.

మాస్టారు: ... వాడు నా దగ్గర చదువుకున్నవాడు రాజూ. వాడి పనిని అనుమానిస్తున్నట్టు ఎలా అడగను?

రాజు: ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను ఇంత గట్టిగా మాట్లాడేవాణ్ణి కాదు.

మాస్టారు: పరవాలేదు. నీ కంప్రెసర్ సంగతి కానీయ్.

రాజు: గబగబా చెప్పేస్తాను. ఆన్ చేయగానే ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్చి, పడిపోతుంటే వైండింగు, అంటే మోటారులోని తీగచుట్ట, పరీక్ష చేయించాలి. ఓల్టేజీ తక్కువగా ఉన్నప్పుడు నడపకండి, ఎక్కువ కరెంటు లాగి వైండింగు కాలుతుంది. ఆపితే మూడు నిమిషాలు ఆగి వేయండి. కళింగపట్నంలో ఒక యూనిట్ చూశాను, ఉప్పుగాలికి కాయిలు రేకులు తెల్లగా పొడిబారి వేలు తగలగానే రాలిపోయాయి. ఇక గుయ్‌మని మూలిగి, తిరగకుండా టక్కున ఆగిపోతుంటే భయపడి కంప్రెసర్ మార్పించకండి. ముందు మోటారు కదలడానికి ఊపునిచ్చే కెపాసిటర్ చూడమనండి, దాని ఖర్చు...

మాస్టారు: పెంకుటింట్లో...

రాజు: ఒక్క నిమిషం. ఆ చప్పుడేమిటి?

మాస్టారు: ఏ చప్పుడు?

రాజు: గుయ్‌మంటోంది. ఇదిగో, టక్. మీ బయటి యూనిట్ కాదు కదా?

మాస్టారు: ఉండు, స్విచ్చి ఆపేసి వస్తాను.

(రికార్డింగు ఇక్కడ ఆగింది)