సున్నా వచ్చిందంటే జేబు ఖాళీ అయిందని కాదు

తమ్ముడు: నమస్కారం. ఈసారి స్క్రిప్టు లేదు. అక్క ఏడాది నుంచి "జీరో బేస్డ్ బడ్జెట్" అని చెవిలో పోరుతోంది, నేను తప్పించుకు తిరుగుతున్నాను. ఇవాళ దొరికిపోయాను.

అక్క: తప్పించుకోవడానికి నువ్వు చెప్పిన కారణం కూడా చెప్పు మరి.

తమ్ముడు: నెలాఖరుకి సున్నా రావాలంటే బడ్జెట్ ఎందుకు, నాకు ఏ బడ్జెట్టూ లేకుండానే వస్తోంది కదా అన్నాను. తప్పేముంది?

అక్క: నీది ఖర్చయిపోయి వచ్చే సున్నారా. ఇక్కడ సున్నా నెల మొదట్లోనే వస్తుంది, అదీ కాగితం మీద. జీతం 100 అనుకో. అద్దెకి 30, ఇంటి ఖర్చులకి 25, అప్పు వాయిదాకి 15, అత్యవసర నిధికి 10, ప్రయాణాలకి 8, ఏడాదికోసారి వచ్చే ఖర్చులకి 7, సరదాలకి 5. ఎంతయింది?

తమ్ముడు: వంద.

అక్క: అంటే పని అప్పగించకుండా వదిలేసిన డబ్బు సున్నా. బ్యాంకు ఖాతాలో డబ్బు అలాగే ఉంది. పొదుపు కూడా ఇందులో ఒక పద్దు. మిగిలితే దాచుకుందాం అనుకుంటే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

తమ్ముడు: నేనూ యాప్‌లో లెక్కలు రాస్తూనే ఉన్నానక్కా. నెలాఖరుకి రంగు రంగుల చక్రం చూపిస్తుంది.

అక్క: అది పోస్టుమార్టం. డబ్బు పోయాక ఎలా పోయిందో చెబుతుంది. ఇందులో ముందే చెబుతాం. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం పొదుపు పెరగడం కాదు, ఆ ఏడాదికోసారి వచ్చే ఖర్చుల గోల తీరడం. ఇన్సూరెన్స్ ప్రీమియం, బండి సర్వీసింగ్, పిల్లల ఫీజు... ఇవన్నీ ఏ నెలలో వస్తాయో మనకి తెలుసు. అయినా వచ్చిన రోజు పిడుగు పడ్డట్టు చూస్తాం. ప్రీమియం ఏడాదికి 24 అయితే నెలకి 2 పక్కన పెడితే సరిపోతుంది. కట్టాల్సిన రోజున ఆ డబ్బు మన కోసం కూర్చుని ఉంటుంది. అప్పు చేసే పనుండదు, ఇంట్లో మాటా మాటా పెరిగే పనీ ఉండదు.

తమ్ముడు: సరే, అనుకోని ఖర్చు వస్తే? కాగితం మీద రాసుకున్నంత మాత్రాన ఫోన్ పగలకుండా ఉంటుందా?

అక్క: పోయిన నెల నా ఫోన్ తెర పగిలింది. నోట్‌బుక్ తీశాను. సరదాల దగ్గర రాసిన 5 కొట్టేసి 2 చేశాను, ప్రయాణాల్లోంచి 1 తీశాను, రెండూ కలిపి 4 "ఫోన్" అని కొత్త గీత కింద రాశాను. పక్కన బాణం గుర్తులు పెట్టాను. ఇదిగో చూడు.

తమ్ముడు: పిచ్చి గీతల్లా ఉంది.

అక్క: ఉండనీ. కానీ ఫోన్ బాగుచేయించిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మామూలుగా అయితే కార్డు గీకేసి మర్చిపోయేదాన్ని. కార్డు మీద కొన్నా ఇదే పద్ధతి, కొన్న రోజే ఆ పద్దులోంచి తీసి బిల్లు కోసం పక్కన పెట్టేయాలి.

తమ్ముడు: ఇంతకీ ఇది ఎవరు కనిపెట్టారు? ఇంట్లో లెక్కల కోసమేనా?

అక్క: కాదు, కంపెనీల కోసం. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే అమెరికా కంపెనీలో పనిచేసిన పీటర్ పైర్ 1970లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ అనే పత్రికలో దీని గురించి రాశాడు. పోయినేడాది ఇంత ఇచ్చాం కాబట్టి ఈ ఏడాది ఇంకాస్త కలిపి ఇద్దాం అనకుండా, ప్రతి ఖర్చూ ఎందుకో మళ్లీ మొదటి నుంచి చెప్పాలన్నది దాని సారం. జిమ్మీ కార్టర్ అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి గవర్నర్‌గా ఉన్నప్పుడు అక్కడ పెట్టాడు, అధ్యక్షుడయ్యాక 1977లో అమెరికా ఫెడరల్ ప్రభుత్వానికీ తెచ్చాడు. 1981లో ఆయన తర్వాత వచ్చిన అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం తీసేసింది.

తమ్ముడు: చూశావా! తీసేశారుగా.

అక్క: కాగితాల పని మోయలేనంత ఉందని అప్పట్లో పెద్ద ఫిర్యాదు. ఇంట్లోనూ అంతే, 40 పద్దులు పెట్టుకుంటే రెండో వారానికే విసుగొచ్చి మానేస్తావు. పదో పన్నెండో చాలు. కానీ ఆ పాత ప్రశ్న మాత్రం ఇంట్లో బాగా పనికొస్తుంది. ఎవరూ చూడని ఆ వీడియో చందా నెలనెలా ఎందుకు కడుతున్నాం? పోయిన నెల కట్టాం కాబట్టి, అంతే.

తమ్ముడు: నెలనెలా ఒకే జీతం రానివాళ్ల సంగతేంటి?

అక్క: వాళ్లకే ఇది ఎక్కువ అవసరమంటాను. ఈ నెల వచ్చింది వచ్చే నెలకి పంచుకోవాలి. అందుకు ఒక నెల ఖర్చు ముందే చేతిలో ఉండాలి, అది కూడబెట్టడం కష్టమే. అప్పటిదాకా ఏడాదిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన నెలని చూసుకుని పద్దులు రాసుకోవాలి. ఎక్కువ వస్తే అప్పుడు పంచొచ్చు. ఇంకో మాట. మొదటి రెండు మూడు నెలలు అంకెలన్నీ తప్పుతాయి. నావీ తప్పాయి, ఇంటి ఖర్చులైతే మరీ ఘోరంగా.

తమ్ముడు: ఇంట్లో ఇద్దరు సంపాదిస్తుంటే?

అక్క: కలిసి కూర్చుని రాయాలి. ఒకరు రాసి ఇంకొకరి చేతిలో పెడితే అది ఆర్డరు అవుతుంది. ఇద్దరికీ లెక్క అడగని డబ్బు కొంత ఉండి తీరాలి, ఎంత చిన్నదైనా సరే. సరే, రికార్డింగ్‌కి ముందు నిన్ను రాసుకు రమ్మన్నాను. చదువు.

తమ్ముడు: అద్దె 28, తిండి 20, బండి వాయిదా 14, పొదుపు 8, ప్రయాణాలు 8, ఇతరాలు 22. వంద అయింది!

అక్క: ఇతరాలు 22? అందులో ఏమున్నాయి?

తమ్ముడు: ...ఇతరాలే.

అక్క: నీ పొదుపు కన్నా దాదాపు మూడింతలు! బ్యాంకు స్టేట్‌మెంట్ తెరువు.

తమ్ముడు: మైక్ ఆన్‌లో ఉందక్కా.

అక్క: అయితే ముందు మైక్ ఆపు.