మ్యాప్ గీశాక పిలిస్తే లాభమేంటండీ?

నగరానికి ఇరవయ్యేళ్ల రవాణా ప్లాన్ వేస్తున్నారంటే, హాల్లో మ్యాప్ పెట్టి "అభ్యంతరాలుంటే రాసివ్వండి" అనడమే జనాన్ని అడగడం అనుకుంటారు చాలామంది. అబ్బే, అది ఆఖరి పని!

గోదావరి డెల్టాలో దాళ్వా, అంటే రబీ వరి, సంగతి చూడండి. ఎగువన సీలేరు జలాశయాల నుంచి ఎంత నీళ్లొస్తాయి, ఎంత ఆయకట్టుకి సరిపోతాయి అన్నది నారు పోయకముందే నీటిపారుదల సలహా మండలిలో మాట్లాడతారు. నాట్లు పడ్డాక మీటింగ్ పెడితే కాలువ చివరనుండే శివారు రైతుకి మిగిలేది గొడవే.

రాజమండ్రి రోడ్లయినా అంతే. ముసాయిదా బయటికొచ్చిందంటే నాట్లు పడిపోయినట్టే. అప్పుడు హాలుకి ఎవరొస్తారు? రోడ్డు వెడల్పులో అరుగో, ముందు గదో పోయేవాళ్లు. వాళ్ల బాధ న్యాయమైనదే. కానీ బస్సు కోసం నిలబడే మనిషి రాడు. ఫైల్లో ప్రజాభిప్రాయం అంటే ఆ అర్జీలే మిగులుతాయి.

మరి ముందే అడగడం ఎలా? ఇంటింటి సర్వేతో. ఇంట్లో ప్రతి మనిషీ నిన్న ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్నింటికి, దేని మీద, ఎంత ఖర్చుతో వెళ్లారో రాయాలి. చెడేది ఇక్కడే. పొద్దున్న పదకొండుకి తలుపు కొడితే ఇంట్లో ఉన్నవాళ్లే అందరి తరఫునా చెప్పేస్తారు. నడిచి వెళ్లినవి లెక్కలోకే రావు, రైతుబజారుకి నడవడం కూడా ప్రయాణమేనని ఎవరికీ తట్టదు. అందుకే సాయంత్రం ఆరు దాటాక, ఆదివారాలు వెళ్లాలి. నడక గురించి విడిగా అడగాలి.

ఇంకో తప్పు: కార్పొరేషన్ ఇంటి నంబర్ల నుంచే శాంపిల్ తీస్తే గోదావరి అవతలి కొవ్వూరు మాయం! 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీద వచ్చిపోయేవాళ్లు ఈ ప్లాన్‌కి శివారు రైతులు. వాళ్లని వంతెన దగ్గర, కోటిపల్లి బస్టాండులో ఆపి అడగాలి.

తర్వాత ఏం కావాలో తేల్చాలి. ఊరికే అడిగితే అందరూ అన్నీ కావాలంటారు. మ్యాప్ పరిచి తలా పది చింతగింజలివ్వండి, కావలసినవి వాటితోనే కొనుక్కోవాలి. ఫ్లైఓవర్‌కి ధర ఎనిమిది గింజలు, బస్సులు పెంచడానికి మూడు, ఫుట్‌పాత్‌కి రెండు అనుకోండి. ఈ అంకెలు ఉదాహరణకే. అసలు మీటింగ్‌లో ఇంజనీర్ల అంచనాల నిష్పత్తిలోనే ధర పెట్టాలి, లేకపోతే అది పేకాటే. ఆడవాళ్లకి వేరే బల్ల వేయండి, కలిపి కూర్చోబెడితే గింజలు ఎవరి చేతిలోకి పోతాయో మీకు తెలుసు.

టైమైపోతోంది, మిగతావి గబగబా. తోపుడుబళ్ల విషయానికి కొత్త కమిటీ అక్కర్లేదు. 2014 చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, ఫుట్‌పాత్ డ్రాయింగు అక్కడికే తీసుకెళ్లండి. 2027 పుష్కరాల రద్దీ పన్నెండు రోజులది, దాన్ని ఇరవయ్యేళ్ల లెక్కలో కలపొద్దు. వచ్చిన ప్రతి సలహాకీ పట్టికలో మూడు గళ్లు: ఏమడిగారు, ఒప్పుకున్నారా, లేదంటే ఎందుకు. ఆ పట్టికని ప్లాన్‌తో పాటే వార్డు సచివాలయం గోడకి అంటించాలి.