ఈనిన మేక పొదుగు మీద ఒకసారి చెయ్యి పెట్టండి

అందరికీ నమస్కారం. మా దొడ్లో జరిగిందే చెప్తాను. రెండేళ్ల కిందట మా నల్లమేక రెండు పిల్లల్ని ఈనింది. మర్నాడు చూస్తే పిల్లలు రెండూ ఒకే చన్ను కోసం కొట్టుకుంటున్నాయి, రెండో చన్ను దగ్గరికి వెళ్తే తల్లి తంతోంది. ఈనినప్పుడు పొదుగు ఉబ్బడం మామూలే కదా అని వదిలేశాను. మూడో రోజుకి ఆ వైపు నీలంగా మారింది, చెయ్యి పెడితే చల్లగా తగిలింది. మేక బతికింది గానీ ఆ సగం పొదుగు ఎండిపోయి ఊడిపోయింది. ఆ తప్పు మీరు చేయకూడదని వచ్చాను.

ఈనాక ఒకట్రెండు రోజులు పొదుగు బిగిసి ఉండటం నిజమే. కానీ ఆ బిగువు రెండు వైపులా ఉంటుంది, పిల్లలు తాగాక మెత్తబడుతుంది, పాలు బాగానే వస్తాయి, జున్నుపాలు చిక్కగా పసుపుపచ్చగా ఉంటే కంగారు పడకండి. పొదుగువాపు జబ్బు ఎక్కువగా ఒక వైపే వస్తుంది, వేడిగా, రాయిలా గట్టిగా తగులుతుంది, మేక వెనక కాలు ఎడంగా వేసి కుంటుతుంది. నల్లగుడ్డ మీద రెండు మూడు ధారలు పిండి చూడండి. విరిగిన పాలలా ముక్కలు, పలచటి నీళ్లు, నెత్తురు, చీము, ఏది కనపడినా తెల్లారేదాకా ఆగొద్దు. మేక ఒంటి వేడి 103.5 డిగ్రీల దాకా మామూలే, 104 దాటితే జ్వరం.

వెంటనే పశువుల డాక్టరుకి చెప్పండి, మన రెండు రాష్ట్రాల్లోనూ అందుకు 1962 ఫోన్ నంబరు ఉంది. ఈలోపు ఆ వైపు పాలు రోజుకి నాలుగైదుసార్లు పూర్తిగా పిండి, పాకలో పారబోయకుండా దూరంగా గుంటలో పోయండి. షాపులో అడిగి గేదె మందు అంచనాగా పొడవొద్దు. డాక్టరు చన్నులోకి ట్యూబు మందు ఎక్కించమంటే ముందు పాలన్నీ పిండి, చన్ను కొనని స్పిరిట్ దూదితో తుడిచి ఎక్కించండి. రెండో రోజుకే తగ్గింది కదా అని కోర్సు ఆపేస్తే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. కలబంద, పసుపు, సున్నం కలిపిన పూత నేనూ వేస్తాను, కానీ అది ఇంజెక్షన్‌తో పాటే, దాని బదులు కాదు. మందు వాడినన్నాళ్లూ, డాక్టరు చెప్పిన గడువు దాకా ఆ పాలు ఇంట్లో వాడొద్దు.

పిల్లల్ని మరిచిపోకండి, ఆకలితో అవే ముందు పోతాయి. రెండు కిలోల పిల్లకి మొదటి రోజు పావు లీటరుకి కాస్త తక్కువగా జున్నుపాలు పడాలి, మంచి వైపు చాలకపోతే ఈమధ్యే ఈనిన ఇంకో మేకవి సీసాతో పట్టండి.

ఆ నల్లమేకని తోలుకొచ్చాను, బయట చింతచెట్టు కింద ఉంది. ఒక్కొక్కరే రండి, మెత్తటి పొదుగు ఎలా ఉంటుందో చేత్తో పట్టి చూద్దురు గాని.