విచారణ పుస్తకంలో లేని పేర్లు

(క్రీస్తురాజు పండుగ రోజు పూజ తర్వాత జరిగిన విచారణ, అంటే ఒక గుడి పరిధిలోని కథోలిక సంఘం, వార్షిక సమావేశంలో సంఘ కార్యదర్శి చేసిన ప్రసంగం)

గౌరవనీయులైన విచారణ గురువులు ఫాదర్ గారికి, సిస్టర్లకు, ఉపదేశి గారికి, సలహా సంఘం సభ్యులకు, మరియ సైన్యం అమ్మలకు, పాటల బృందం పిల్లలకు, క్రీస్తునందు ప్రియమైన సహోదరీ సహోదరులందరికీ వందనాలు. వెనక నుంచి యువతను మర్చిపోయారంటున్నారు, వారికీ వందనాలు. తెల్లవారకముందే వచ్చి గుడి అలంకరించిన వారికి, మైకు చూస్తున్న తమ్ముడికి కూడా.

శ్రీసభ, అంటే మన కథోలిక సంఘం, పూజా సంవత్సరం ఈ వారంతో ముగుస్తోంది. వచ్చే ఆదివారం క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమన కాలం మొదలవుతుంది. 1925లో పదకొండవ పయస్ పోపు గారు ఈ క్రీస్తురాజు పండుగను స్థాపించినప్పుడు దాన్ని అక్టోబరు చివరి ఆదివారం జరుపుకునేవారు. మేత్రాణుల (బిషప్పుల) పెద్ద సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ తర్వాత పూజా సంవత్సరపు చివరి ఆదివారానికి మార్చారు. అందుకే మన వార్షిక నివేదిక ఈ రోజే చదువుతాం. ఏడాదంతా ఏం చేశామో రాజు ముందు చెప్పుకునే రోజు ఇది.

నివేదిక ప్రతులు మీ చేతుల్లో ఉన్నాయి. జ్ఞానస్నానాలు, వివాహాలు, మరణాలు, భద్రమైన అభ్యంగనం (విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం) పొందిన పిల్లలు, అన్నీ అందులో ఉన్నాయి కాబట్టి వరుసగా చదవను. జమాఖర్చుల గురించి మాత్రం ఒక్క మాట. గుడి పైకప్పు కోసమని మీరిచ్చిన డబ్బు పైకప్పుకే ఖర్చు పెట్టాం. ఒక పని కోసం విశ్వాసులిచ్చిన కానుకను ఆ పనికే వాడాలని 1983 శ్రీసభ చట్టంలో 1267వ సూత్రం చెబుతోంది. ప్రతి విచారణలో ఆర్థిక సంఘం ఉండి తీరాలని 537వ సూత్రం చెబుతోంది. మనకు ఉంది, పని చేస్తోంది. ఆ సంఘం పెద్దలు పైసా పైసా రాసి పెట్టారు. రసీదులు ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు. పునీత పౌలు గారు యెరూషలేము పేదల కోసం చందా పోగు చేసినప్పుడు కూడా, ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలని ఒంటరిగా కాకుండా నమ్మకమైన మనుషులను తోడు పంపించాడు. కొరింతీయులకు రాసిన రెండవ లేఖ ఎనిమిదో అధ్యాయంలో ఉంటుంది, ఇంటికి వెళ్ళాక చదవండి.

పాటల బృందం గురించి, ఆదివారం సత్యోపదేశ తరగతుల గురించి రాసినది కూడా చదవాలి. కానీ అంతకు ముందు ఒక సంగతి చెప్పకపోతే నాకు మనసు నిలవదు. మీలో కొందరికి తెలుసు. తెలియనివాళ్ళు తెలుసుకోవాలి.

ఈ ఏడాది మన గుడిలో పెళ్ళి చేసుకున్న ఒకమ్మాయి ఉంది. పేరు చెప్పను. పెళ్ళికి ముందు జ్ఞానస్నాన పత్రం కావాలి కదా. తను పసిపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న ఉద్యోగం వేరే ఊళ్ళో, జ్ఞానస్నానం అక్కడే. అక్కడికి ఉత్తరం రాస్తే ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఆ పేరు మా రిజిస్టరులో లేదు అని. అంతే. ఇంకో పుస్తకం వెతికామని గానీ, ఫలానా చోట అడగండని గానీ ఏమీ లేదు. ఆ కాగితం పట్టుకుని ఆ అమ్మాయి ఆఫీసులో నా ఎదురుగా కూర్చుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయారు. పెంచిన పిన్ని ఆ జ్ఞానస్నానం రోజున అక్కడ లేదు. "మరి ఇన్నేళ్ళూ నేను లోకున్న సత్ప్రసాదం ఏంటి ఆంటీ?" అని అడిగింది. జ్ఞానస్నానం లేకుండా సత్ప్రసాదం, పూజలో ఇచ్చే పవిత్ర అప్పం, లోకోకూడదు (తీసుకోకూడదు) కదా. అప్పటికే శుభలేఖలు అచ్చయ్యాయి. పిల్ల ఎంత టెన్షన్ పడిందో ఆ రోజు చూసిన సిస్టరుకు తెలుసు.

అయ్యా, అమ్మా, ఒక పేరు రాయకపోతే ఇంత పని జరుగుతుంది. అందుకే చట్టంలో 877వ సూత్రం జ్ఞానస్నానం ఇచ్చాక ఆలస్యం చేయకుండా రాయమంటుంది. బిడ్డ పేరు, ఇచ్చిన గురువు పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు (జ్ఞానస్నానంలో బిడ్డ పక్షాన నిలబడేవారు), స్థలం, తేదీ, అన్నీ. మనం ఏదో ఆఫీసు పని అనుకుంటాం. ఈ రాతల వెనక చాలా మంది ఆడవాళ్ళ కన్నీళ్ళున్నాయి. 1563లో త్రెంతు మహాసభ పెళ్ళిళ్ళను విచారణ గురువు ముందు, సాక్షుల ముందు జరపాలని, పుస్తకంలో రాయాలని ఆజ్ఞాపించింది. ఎందుకు? రహస్యంగా పెళ్ళాడి, తర్వాత ఆమెను వదిలేసి, ఇంకొకరిని బహిరంగంగా పెళ్ళి చేసుకునే మగవాళ్ళుండేవారు. మొదటి ఆమె నేను భార్యనని చెబితే నమ్మేదెవరు? పుస్తకంలో పేరుంటే ఆమెకు ఆధారం. అదే మహాసభ జ్ఞానస్నాన పుస్తకంలో జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు కూడా రాయమంది.

అమ్మాయి సంగతికి వస్తాను. ఫాదర్ గారు వెంటనే 876వ సూత్రం తీసి చూపించారు. ఎవరికీ నష్టం లేని సందర్భంలో, నమ్మదగిన ఒక్క సాక్షి మాట చాలు, జ్ఞానస్నానం జరిగిందని రుజువైనట్టే. ఒక్క సాక్షి! పిన్ని ఇంట్లో ఒక పాత ఫోటో ఉంది. పాపను ఎత్తుకుని ఒకావిడ నిలబడి ఉంది. జ్ఞానతల్లి. అప్పట్లో పక్క క్వార్టర్సులో ఉండేవారట. ఆవిడ ఎక్కడున్నారు, అసలు బతికి ఉన్నారా అని ఫోన్ల మీద ఫోన్లు చేశాం. చివరికి ఎక్కడ దొరికారనుకుంటున్నారు? ఇక్కడ. మన విచారణలో. ఈ గుడి వెనక వీధిలో, కొడుకు ఇంట్లో, మంచం మీద.

నేను వెళ్ళాను, సిస్టరు వచ్చారు, ఆ అమ్మాయి వచ్చింది. మామ్మ గారు అమ్మాయిని చూసి, వాళ్ళమ్మ పోలికే అన్నారు. ఆ రోజు సంగతంతా చెప్పారు. పాప ఏడుపు ఆపలేదట. ఫాదర్ గారు ఇంకో ఊరికి పూజకు వెళ్ళాల్సిన తొందరలో పేర్లు ఒక కాగితం ముక్క మీద రాసుకున్నారట, పుస్తకంలో తర్వాత ఎక్కిస్తామన్నారట. ఆ తర్వాత అనేది రాలేదు. మన ఫాదర్ గారు ఆమె మాటలన్నీ రాసుకుంటే, వణికే చేత్తో ఆమె సంతకం పెట్టారు. పెళ్ళి అనుకున్న రోజుకే జరిగింది. దేవునికి స్తోత్రం.

ఇక్కడితో అయిపోతే నేను ఇంత సేపు చెప్పను. లేవబోతుంటే మామ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. "మీ మైకు నాకు వినపడుతుందమ్మా. ప్రతి ఆదివారం జబ్బుగా ఉన్నవారి కోసం ప్రార్థిద్దాం అంటారు కదా. ఆ జబ్బుగా ఉన్నవాళ్ళు ఎవరెవరో మీకు తెలుసా?" అన్నారు.

కోపంతో అడగలేదు. తెలుసుకుందామని అడిగారు. ఆమె కొడుకు ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది. మన కుటుంబాల జాబితా అంతకు ముందు తయారైంది. అందుకని ఆమె పేరు మన దగ్గర లేదు. ఇన్నేళ్ళలో ఆమెకు ఒక్కసారి కూడా సత్ప్రసాదం తీసుకెళ్ళలేదు. పోయిన ఏడాది నివేదికలో మనమే రాశాం, వ్యాధిగ్రస్తుల సందర్శన సక్రమంగా జరిగినది అని. జరిగింది, నిజమే. మన జాబితాలో ఉన్నవాళ్ళకు జరిగింది.

దీన్ని సలహా సంఘంలో చెబితే ఒక పెద్దాయన, వాళ్ళు వచ్చి పేరు రాయించుకోవాలి కదమ్మా, మనకెలా తెలుస్తుంది అన్నారు. ఆయన మంచివారు, విచారణ కోసం ఎంతో కష్టపడతారు. కానీ ఆ మాట నేను ఒప్పుకోను. మంచం దిగలేని మనిషి ఆఫీసుకు ఎలా వస్తుంది? అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం చూడండి. తొలి విశ్వాసుల్లో వచ్చిన ఫిర్యాదు ఏమిటి? రోజూ పంచేటప్పుడు గ్రీకు మాట్లాడే వాళ్ళ విధవరాండ్రను వదిలేస్తున్నారని. కొందరు లెక్కలోకి రాలేదు. అపొస్తలులు వాళ్ళనే వచ్చి అడగమన్నారా? అనలేదు. అందరినీ పిలిచి, ఆ పని చూడటానికి ఏడుగురిని ఏర్పాటు చేయించారు.

మీకొక సంగతి చెప్పాలి. 1614లో ఐదవ పౌలు పోపు గారి కాలంలో వచ్చిన రోమా ఆచార గ్రంథం ప్రతి విచారణలో ఐదు పుస్తకాలు ఉండాలంది. జ్ఞానస్నానాలు, భద్రమైన అభ్యంగనాలు, వివాహాలు, మరణాలు. ఐదోది ఆత్మల స్థితి పుస్తకం. అంటే ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరు జ్ఞానస్నానం, సత్ప్రసాదం లాంటి సంస్కారాలు పొందారు, ఎవరు పొందలేదు అని రాసుకునే పుస్తకం. 1917 చట్టం కూడా విచారణ గురువు తన శక్తి మేరకు దాన్ని రాయాలంది. 1983 చట్టం తప్పనిసరి అని పేరుపెట్టి చెప్పినవి జ్ఞానస్నానాలు, వివాహాలు, మరణాల పుస్తకాలే. మిగతావి మేత్రాణుల సమాఖ్యకు, మేత్రాణులకు వదిలింది. మన దగ్గర ఆ పుస్తకం పాతబడిపోయి, మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. మిగతా పుస్తకాలు గుడికి వచ్చినవాళ్ళను రాస్తాయి. రానివాళ్ళను రాసే పుస్తకం అదొక్కటే. మనం అదే వదిలేశాం.

పుస్తకం తప్పనిసరి కాకపోయినా పని తప్పనిసరే. 529వ సూత్రం విచారణ గురువు కుటుంబాలను సందర్శించాలని, పేదలను, బాధల్లో ఉన్నవారిని, ఒంటరివారిని ప్రత్యేక శ్రద్ధతో వెతకాలని చెబుతుంది. వెతకాలి అంటుంది. వస్తే చూడాలి అనదు. ఒక్క ఫాదర్ గారు ఎన్ని గడపలు ఎక్కుతారు? ఇది మనందరి పని.

అద్దెకు వచ్చినవాళ్ళ గురించి కూడా చెప్పాలి. వాళ్ళు మనవాళ్ళు కాదు, రేపో మాపో వెళ్ళిపోతారు అంటాం. చట్టం అలా అనదు. కనీసం మూడు నెలలు ఉందామని వచ్చి ఇక్కడ నివాసం పెట్టిన కథోలికుడికి ఈ విచారణ గురువే తన గురువు. హాస్టల్లో ఉండే పిల్లలు, పని కోసం వచ్చినవాళ్ళు, ఎవరితోనో మాటపట్టింపు వచ్చి గుడి మానేసినవాళ్ళు, పెళ్ళి విషయంలో చిక్కు వచ్చి సిగ్గుతో రానివాళ్ళు, వీళ్ళందరి పేర్లూ రాద్దాం. పేరు రాయించుకుంటే చందా అడుగుతారని కొందరికి భయం. ఆ భయం ఊరికే రాలేదు, మనం గడప ఎక్కేది చందా కోసమే అయినప్పుడు వాళ్ళు ఇంకేమనుకుంటారు? కాబట్టి ఈ పుస్తకంలో డబ్బుకు గడి ఉండకూడదు. ఫాదర్ గారూ, ఈ మాట మీరే అందరి ముందు చెప్పాలని కోరుతున్నాను.

చెబుతున్నారు, అందరూ విన్నారు కదా. థాంక్యూ ఫాదర్.

మామ్మ గారికి ఇప్పుడు ప్రతి మొదటి శుక్రవారం సత్ప్రసాదం వెళుతోంది. ఆమె చెప్పగా అదే వీధిలో ఇంకో ఇల్లు తెలిసింది. ఆ ఇంటివాళ్ళు ఇంకొకరి గురించి చెప్పారు. ఇంకెన్ని ఇళ్ళున్నాయో మరి. ఈ పండుగకు మూడేళ్ళకోసారి మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయం చదువుతాం. ఇవాళ అదే విన్నాం. రోగినై ఉంటిని, మీరు నన్ను చూడ వచ్చారు అని రాజు అంటాడు. రాజు అడిగేది చూడటానికి వచ్చారా లేదా అని.

నివేదికలో ఇంకా రెండు పేజీలున్నాయి. వాటిని చదవను, మీరు చదువుకోండి. పాటల బృందం పిల్లలు ఏమీ అనుకోవద్దు, మీ గురించి చాలా మంచిగా రాశాను. ఆ సమయం నాకు ఈ పనికి ఇవ్వండి. సిస్టర్, ఆ తెల్ల కాగితాలు వరుసకు ఒకటి చొప్పున పంపించండి. గుడికి రాని కథోలికులు, రాలేనివాళ్ళు, కొత్తగా దిగినవాళ్ళు మీకు ఎవరు తెలిసినా ఆ ఇంటి ఆనవాలు రాయండి. పేరు తెలియకపోతే ఫలానా ఇంటి పక్కన అని రాసినా చాలు. మనకు సంబంధం ఉందా లేదా అని ఆలోచించకండి, అది ఇంటికి వెళ్ళాక తెలుస్తుంది.

తర్వాత వీధులు పంచుకుందాం. వీధికి ఇద్దరు, అందులో ఒక్కరైనా ఆడవాళ్ళుంటే మంచిది, ఇళ్ళల్లో చనువుగా మాట్లాడతారు. పాస్కాకు (ఈస్టరుకు) సిద్ధపడే తపస్సు కాలం మొదలయ్యేలోపు అన్ని ఇళ్ళూ పూర్తి కావాలి, పాస్కాకు ముందే జబ్బుగా ఉన్నవారందరికీ పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), సత్ప్రసాదం అందాలి కాబట్టి. గుడి వెనక వీధి నేనూ సిస్టరూ తీసుకున్నాం. చెరువు గట్టు వైపు ఎవరు వెళతారు? చెయ్యెత్తండి, రాసుకుంటున్నాను.