గొంతుకి చోటిచ్చిన ఆల్బమ్

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కింద కూర్చోండి, ఇదేం ఫార్మల్ మీటింగ్ కాదు. ఈవేళ ఒక్క ఆల్బమ్ గురించే మాట్లాడతాను, 2003లో వచ్చిన 'కాస్టింగ్ షాడోస్'. వోల్ఫ్‌షైమ్ అని హాంబర్గ్ జోడీ చేసింది. మార్కుస్ రైన్‌హార్ట్ మెషీన్ల దగ్గర, పేటర్ హెప్నర్ మైకు దగ్గర, అంతే, ఇద్దరే.

ఇద్దరే ఎందుకంటే సింథ్ పాప్‌కి, అంటే సింథసైజర్ కీబోర్డులతో చేసే పాప్ సంగీతానికి, మూడోవాడి అవసరం పెద్దగా లేదు కాబట్టి. డ్రమ్స్ మెషీన్ వాయిస్తుంది, బేస్‌ని సీక్వెన్సర్, అంటే ముందే నింపిపెట్టిన స్వరాల్ని వరసగా మోగించే మెషీన్, తిప్పుతుంది. డ్యూసెల్‌డార్ఫ్ వాళ్లు క్రాఫ్ట్‌వెర్క్ 1974లోనే 'ఆటోబాన్'తో దారి వేసేశారు, తర్వాత ఇంగ్లండ్‌లో సాఫ్ట్ సెల్, పెట్ షాప్ బాయ్స్ లాంటి జోడీలు వచ్చాయి, అక్కడి బ్యాండే డెపెష్ మోడ్ అయితే పశ్చిమ బెర్లిన్‌లో బెర్లిన్ గోడ పక్కనున్న హాన్సా స్టూడియోకే వచ్చి పనిచేసింది, అలా జర్మనీలో ఈ సౌండుకి పిచ్చి ఫ్యాన్స్ తయారయ్యారు. వోల్ఫ్‌షైమ్ 1987లో మొదలైంది. మొదటి సింగర్ వెళ్లిపోయాక హెప్నర్ వచ్చాడు. కానీ వీళ్ల పాటలు జనంలోకి వెళ్లే టైముకి అక్కడ టెక్నో అనే డాన్స్ మ్యూజిక్ గాలి వీస్తోంది, సింథ్ పాప్ వినేవాళ్లు ఎక్కువగా నల్లబట్టలు వేసుకునే గోతిక్ క్లబ్బుల్లో మిగిలారు. 1991లో వచ్చిన 'ద స్పారోస్ అండ్ ద నైటింగేల్స్' ఆ క్లబ్బుల పాటే. బీటు టకటకా పరిగెడుతుంది, పైన హెప్నర్ గొంతు మాత్రం దిగులుగా ఉంటుంది, ఆ రెండూ పొసగకపోవడమే దాని అందం.

తర్వాత 'నో హ్యాపీ వ్యూ', 'పాప్‌కిల్లర్', 'డ్రీమింగ్ ఏప్స్', 1999లో 'స్పెక్టేటర్స్' ఆల్బమ్‌లు వచ్చాయి. వీటి గురించి ఇప్పుడు చెప్పను, టైము లేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. 1998లో హెప్నర్ యోఆఖిమ్ విట్ అనే సీనియర్ సింగర్‌తో కలిసి 'డి ఫ్లూట్' అనే పాట పాడాడు, అది జర్మనీ అంతా మోగిపోయింది. క్లబ్బులకి ఎప్పుడూ వెళ్లనివాళ్లకి కూడా ఈ గొంతు ఎవరిదో తెలిసిపోయింది.

ఇక 2003. ఆల్బమ్ మెత్తబడింది అని అందరూ అంటారు, మెత్తబడటం అంటే ఏంటో కీబోర్డు ముట్టుకున్నవాళ్లకి చెప్తే ఈజీగా అర్థమవుతుంది. సింథ్‌లో అటాక్ అని ఒక కంట్రోల్ ఉంటుంది, మీట నొక్కాక శబ్దం ఎంతసేపట్లో పైకి లేవాలో అది చెప్తుంది, దాన్ని కాస్త పెంచితే కొట్టినట్టు మోగేది మెల్లగా ఊరుతుంది. ఫిల్టర్ కటాఫ్ దించితే పైనుండే గరగర, మెరుపు పోయి గుండ్రని సౌండ్ మిగులుతుంది. రిలీజ్ పెంచితే వేలు తీసేశాక కూడా స్వరం కాసేపు సాగుతుంది. ఇవి ఏ కుర్రాడైనా అరగంటలో నేర్చుకుంటాడు. కష్టమైంది ఏంటంటే, పది లేయర్లు వేసే అవకాశం ఉన్నా నాలుగు దగ్గర ఆగిపోవడం! ఇరవై ఏళ్లప్పుడు ఎవరూ ఆగరు, ఖాళీ కనిపిస్తే నింపేస్తారు. ఇక్కడ రైన్‌హార్ట్ ఆగాడు, ఇంట్లో మిక్సీ ఆపితే పక్కవాళ్ల మాట వినపడ్డట్టు హెప్నర్ గొంతు ఒక్కసారిగా ముందుకొచ్చింది. నా లెక్కలో ఈ ఆల్బమ్ మెచ్యూరిటీ అంతా అదే, మ్యూజిక్ చేసేవాడు పాడేవాడికి దారివ్వడం.

'కైన్ త్సురుక్' తీసుకోండి, వెనక్కి దారి లేదు అని అర్థం. జర్మన్‌లోనే పాడాడు. పోయిన కాలం గుర్తొస్తుంది, అది తిరిగి రాదు, పాటలో ఉన్నదింతే. మొదటి రోజుల్లో ఇదే మాట చెప్పాలంటే చుట్టూ చీకటి కట్టేవాళ్లు. ఇక్కడ ఎవరిమీదా నింద లేదు, ఏడుపు లేదు, ముప్పై అయిదేళ్ల మనిషి ఉన్నదున్నట్టు చెప్తున్నాడు. ఆ సింగిల్ జర్మనీలో టాప్ టెన్‌లోకి వెళ్లింది, ఆల్బమ్ ఏకంగా నంబర్ వన్ అయింది. గోతిక్ క్లబ్బుల బ్యాండ్‌కి నంబర్ వన్, ఊహించండి! 'వుండర్‌ఫోల్' కూడా జర్మన్ పాటే, మిగతావి ఎక్కువగా ఇంగ్లిష్.

పాత అభిమానుల్లో కొందరికి ఇది నచ్చలేదు, రేడియో కోసం నున్నగా చెక్కారన్నారు. వాళ్లని నేను పూర్తిగా కొట్టిపారేయను. కొన్నిచోట్ల నాకూ మరీ పాలిష్ ఎక్కువైనట్టు అనిపిస్తుంది, ఒక గీత, ఒక గరుకు ఉంటే బాగుండు అనుకుంటాను, అయినా 'కేర్ ఫర్ యూ' వినేటప్పుడు ఆ కంప్లైంట్ గుర్తుకు రాదు. బీటు తగ్గించినవాళ్లందరూ అమ్ముడుపోయినట్టు కాదండీ, డాన్స్ ఫ్లోర్ మీద దాక్కోగలిగిన తప్పులు స్లో పాటలో బయటపడిపోతాయి, సింగర్ ఊపిరి ఎక్కడ తీశాడో కూడా వినపడుతుంది, రిస్కు ఇందులోనే ఎక్కువ.

విచిత్రం ఏంటంటే ఇంత హిట్ కొట్టాక ఈ జోడీ ఇంకో స్టూడియో ఆల్బమ్ చేయలేదు. హెప్నర్ 2004లో డీజే పాల్ వాన్ డైక్‌తో 'వీర్ జింట్ వీర్' పాడాడు, 2008లో 'సోలో' అనే పేరుతోనే సొంత ఆల్బమ్ తెచ్చాడు. ఇద్దరి మధ్యా గొడవై కోర్టుదాకా వెళ్లింది. ఎవరిది తప్పు అని అడక్కండి, నేను వకీల్ని కాదు. ఒకరికొకరు చోటిచ్చుకోవడం రికార్డింగ్‌లో కుదిరింది, బయట కుదరలేదు.

సరే, ఇప్పుడు రెండు పాటలు వేస్తాను, ముందు 1991ది, వెంటనే 'కైన్ త్సురుక్'. వాల్యూమ్ మార్చను. రెండోదానిలో బేస్ ఎక్కడ తగ్గుతోందో చూడండి, తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.