నాణెం ఫొటోకి వెలుతురు ఎటు నుంచి రావాలి

(హనుమకొండలో పాత నాణేలు సేకరించేవాళ్ల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక రూపాయి బిళ్ల సంగతి చెప్తాను. మా అమ్మమ్మ దీపావళికి లక్ష్మీపూజలో పెట్టిన వెండి రూపాయి ఇది. నిజాం నాటి హాలీ సిక్కా, అంటే హైదరాబాద్ సంస్థానపు సొంత నాణెం. మధ్యలో చార్మినార్, దాని ద్వారంలో ఉర్దూ లిపిలో ఒకే ఒక్క అక్షరం. 'మీమ్' ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం, 'ఐన్' ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. ఐన్‌లో మళ్లీ సగం ఐన్, పూర్తి ఐన్ అని రెండు రకాలున్నాయి. ఏళ్ల తరబడి చేతులు తగిలి మా బిళ్ల మీద ఆ అక్షరం బాగా అరిగిపోయింది.

సెల్‌ఫోన్ ఫ్లాష్ కొట్టి ఎన్నిసార్లు తీసినా ద్వారం తెల్లగా మెరిసేదే గానీ లోపల ఏముందో తెలిసేది కాదు. ఒక రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పేసి, చిన్న టార్చిని బల్ల మీద పడుకోబెట్టాను. వెలుతురు బిళ్ల మీదుగా పాకింది. ద్వారంలో చిన్న కొక్కెం లాంటి నీడ లేచింది. సగం ఐన్ అనుకుని సంబరపడ్డాను. అక్కడితో ఆగకుండా టార్చిని బిళ్ల చుట్టూ మెల్లగా జరుపుతూ పోయాను. కొంతదూరం తిరిగేసరికి ఆ కొక్కెం కింద గిన్నె లాంటి వంపు పైకి తేలింది. అది పూర్తి ఐన్! మొదటి ఫొటోతో సరిపెట్టుకుని ఉంటే నా పుస్తకంలో తప్పు రాసుకునేవాణ్ని. అప్పటి నుంచి అరిగిన నాణేన్ని ఒక్క ఫొటోతో వదలను. నాణెం, కెమెరా కదలకుండా ఉంచి, లైటు ఒక్కటే జరుపుతూ నాలుగు వైపుల నుంచీ తీస్తాను.

దీని వెనక ఉన్న కారణం తేలికైనదే. మనిషి ముఖం మీద పడ్డ వెలుతురు అన్ని వైపులకీ చెదురుతుంది. మెరిసే వెండి మీద పడ్డది వచ్చిన కోణంలోనే అవతలికి తిరిగి పోతుంది, అద్దం మీద లాగా. అందుకే నాణెం ఫొటోలో గది కూడా పడుతుంది. ట్యూబ్‌లైటు పడుతుంది, మీ చొక్కా రంగు పడుతుంది. నేను తెల్ల చొక్కా గానీ బూడిదరంగు చొక్కా గానీ వేసుకునే తీస్తాను.

ఇక పగటి వెలుతురు. ఉత్తరపు కిటికీ దగ్గర తీయమని, అక్కడ ఎండ నేరుగా పడదని పుస్తకాల్లో ఉంటుంది. అది చలిదేశాల మాట. మన ఓరుగల్లు దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం దాటాక జులై నెలాఖరు దాకా సూర్యుడు రోజంతా మనకు ఉత్తరం వైపే ఉంటాడు. ఆ రెండున్నర నెలలు నేను దక్షిణపు కిటికీకి మారతాను. మబ్బు పట్టిన రోజైతే నాకు పండగే. అలాంటి వెలుతురులో వెండి మీద పట్టిన నీలం, ఊదా ఛాయలు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. ఎండ మరీ ఎక్కువైతే కిటికీకి బటర్ పేపర్ అంటించండి.

రాత్రిపూట తీసేవాళ్లకు రెండు లైట్లు చాలు. అవి ఒకే రకం బల్బులై ఉండాలి. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు. పగటి వెలుతురు 5500 కెల్విన్ దగ్గర ఉంటుంది, పసుపు బల్బు 2700 దగ్గర. రెండూ కలిస్తే నాణెం ఒక పక్క నీలంగా, ఒక పక్క పసుపుగా వస్తుంది, దాన్ని తర్వాత సరిచేయడం చాలా కష్టం. చవక ఎల్ఈడీలతో ఇంకో టెన్షన్ ఉంది. మన కరెంటుకి అవి సెకనుకు 100 సార్లు మినుకుతాయి, షట్టర్ వేగం పెంచితే ఫొటోలో చారలు పడతాయి. 1/50 దగ్గర పెట్టి, స్టాండు మీద, టైమర్‌తో తీయండి.

కొత్తగా మెరిసే నాణేనికి ఇంకో పద్ధతి ఉంది. ఫొటో ఫ్రేములు కట్టే షాపులో చిన్న గాజు ముక్క అడిగి తెచ్చుకోండి. కెమెరాకీ నాణేనికీ మధ్య దాన్ని 45 డిగ్రీలు వాల్చి, లైటు పక్క నుంచి వేయండి. గాజు మీద పడిన వెలుతురు నేరుగా కిందికి దిగి, నాణెం మీంచి నేరుగా కెమెరాలోకే వస్తుంది. అరిగిన నాణేనికి మాత్రం ఇది పనికిరాదు, ఉన్న కాస్త నీడా పోతుంది.

కోటిలింగాలలో, పెద్దబంకూరులో దొరికిన శాతవాహన నాణేల్లాంటి సీసం బిళ్లలకు మెరుపు ఉండదు. వాటి మీది బ్రాహ్మీ అక్షరాలకు పక్క నుంచి, బల్ల మట్టంగా పాకే వెలుతురే దిక్కు. అయితే ఇతరులకు చూపించే ఫొటోలో వెలుతురు నాణెం పై అంచు వైపు నుంచే రావాలి. కింది అంచు వైపు నుంచి వస్తే ఉబ్బెత్తు అక్షరం గుంటలాగా కనబడి చదివేవాళ్లు పొరబడతారు.

ఒక్క విషయం మాత్రం చేతులెత్తి దండం పెట్టి అడుగుతున్నా. ఫొటో బాగా రావాలని చింతపండుతో తోమకండి. కాలేజీ రోజుల్లో నేను రెండు రాగి నాణేలను అలాగే తోమాను. చిలుము పోయింది, దాని కింద సన్నటి గీతలు కూడా పోయాయి. ఈ పూటకీ వాటిని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నలుపు ఉంటే ఉండనివ్వండి, ఆ నలుపు పల్లాల్లో నిలిచినందువల్లే అక్షరం కనబడుతుంది.

ఆ కిటికీ దగ్గర బల్ల వేయించాను. టార్చి, గాజు ముక్క అక్కడే ఉన్నాయి. నాణేలు తెచ్చినవాళ్లు అంచులు పట్టుకుని తీసుకురండి, అరిగినవి ముందు.